కారుకు ఎన్ని పళ్ళు?

ఆ శనివారం పొద్దున పద్మజ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారికి టీ ఇవ్వాలి, టీతో పాటు నాలుగు మంచి మాటలు చెప్పాలి, ఆయన నోట ఒక్క ‘వద్దు’ అనిపించాలి. ఆ ఒక్క మాట వస్తే మిరపకాయలు అమ్మిన డబ్బు బత్తాయి తోటలో బోరు అవుతుంది. రాకపోతే మొగుడి కారుకు సూపర్‌ఛార్జర్ అవుతుంది. రెండూ కావడానికి ఆ డబ్బు చాలదు.

తోట పద్మజది. కాగితాల మీద మామగారిదే అనుకోండి, కానీ గుంతలు తీయించిందీ, మొక్కలు తెచ్చి నాటించిందీ, మేకలు దూరకుండా కంప కొట్టించిందీ ఆమే. ఇప్పుడు చెట్లు తొలి కాపుకు వచ్చాయి. సరిగ్గా ఇప్పుడే పాత బోరు ఎండిపోయింది. మోటరు వేస్తే కాసేపు దగ్గి ఊరుకుంటోంది. ఈ ఎండాకాలం నీళ్ళు అందకపోతే ఆ చెట్లు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు.

ఇక కారు సంగతి. మార్కాపురం జిల్లా అవుతుందన్న మాట పుట్టగానే పవన్ ప్లాట్ల బేరాల్లో దిగి కాస్త సంపాదించాడు. సంపాదించినవాడు ఊరుకుంటాడా? బెంగుళూరు పోయి, ఎవరో వాడి వదిలించుకున్న అమెరికా మజిల్ కారు ఒకటి తోలుకొచ్చాడు. పసుపు రంగు, వీపు మీద నల్ల చారలు, బారెడు ముక్కు. కడుపు నేలకు ఆనుతూ ఉంటుంది. వెనక సీట్లో కూర్చోవాలంటే కాళ్ళు ఇంట్లో పెట్టి రావాలి. దానికి నాలుగు వందల గుర్రాల బలమట! ఆ నాలుగు వందల గుర్రాలూ కంభం రోడ్డులో రోజూ గొర్రెల మంద వెనక బుద్ధిగా నడుస్తూ పోతాయి.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పద్మజ దిగాలి. డిక్కీలోంచి చెక్కలు తీసి టైర్ల కింద పెట్టాలి. కారు దాటాక చెక్కలు ఏరుకుని మళ్ళీ ఎక్కాలి. మార్కాపురం పోయి వచ్చేసరికి ఆమెకు కలుపు కూలికి పోయివచ్చినంత ఒళ్ళు నొప్పులు. వాళ్ళ తర్వాత బస్సెక్కిన వాళ్ళు కూరగాయలు కొనుక్కుని తిరుగు బస్సులో ఎదురొచ్చి చేతులు ఊపుతుంటారు. పట్టపగ్గాల్లేని సంతోషంతో పవన్ ఒకరోజు ఇంటికి మిఠాయి తెచ్చాడు. ఏమిటని అడిగితే, ఆ రోజు మూడో గేరు పడిందట.

అలాంటి బండికి బలం చాలడం లేదని ఇప్పుడు కొత్త దిగులు పట్టుకుంది. సూపర్‌ఛార్జర్ అని ఒక యంత్రం ఉందట. అది ఇంజనులోకి గాలిని బలవంతంగా తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంజను పెట్రోలు ఇంకా తాగుతుంది. ఇంకా తాగితే ఇంకో రెండు వందల గుర్రాలు వచ్చి చేరతాయి. బెంగుళూరులో ఒక షెడ్డువాడు బిగిస్తాడట. పవన్ నెల రోజులుగా ఆ వీడియోలే చూస్తూ, అన్నం కూడా వాటి ముందే తింటున్నాడు.

“ఉన్న గుర్రాలకే రోడ్డు లేదు. కొత్తవాటిని యాడ కట్టేస్తావయ్యా?” అంది పద్మజ.

“పర్ఫార్మెన్స్ అంటే ఏందో నీకు తెలీదు పద్దూ.”

“తెలుసులే. నిన్న పేడదిబ్బ కాడ కారు తిప్పలేక నలుగురితో ఎత్తించినావు గదా, చూసినాను.”

ఇలాంటి మగవాడితో వాదించడం కంటే గోడకు చెప్పుకోవడం మేలని, పద్మజ టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద ఉన్న మామగారి దగ్గరికి నడిచింది. కొండయ్య ఒకప్పుడు ఒంగోలు గిత్తలను పెంచి, తిరునాళ్ళలో బండలాగుడు పోటీలకు తోలినవాడు. ఆయన దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాలు. బండ లాగేవి, లాగనివి. పెళ్ళిచూపుల్లో కూడా పద్మజను ఎగాదిగా చూసి, “పిల్ల మెడ గట్టిది” అని మెచ్చుకుని సంబంధం ఖాయం చేసిన మనిషి. ఇలాంటి ఆయనకు ఆ పసుపు కారు నచ్చే ప్రశ్నే లేదని ఆమె ధీమా.

“నువ్వే చెప్పు మామా. ఆ బండికి అంత ఖర్చు పెట్టడం న్యాయమేనా? తోట ఎండిపోతాంది,” అంది.

“నాయనా, దానికి ఆ యంత్రం పెడితే ప్రకాశం జిల్లాలో దాన్ని కొట్టేది ఉండదు,” అన్నాడు పవన్, వెనకే వచ్చి.

కొండయ్య టీ అంతా తాగి, గ్లాసు బోర్లించి, మీసం తుడుచుకున్నాడు. “ఇన్ని మాటలెందుకు? బండ కడదాం. ఒక్క పూటలో తేలిపోతది.”

పద్మజ సరేనంది. పవన్ సరేనన్నాడు. ఆ ముచ్చటైన కారు బండను ఇంచు కూడా కదపలేదనీ, పనికిమాలిన బండికి ఎవరూ ఖర్చు పెట్టరనీ ఆమె లెక్క. అవలీలగా లాగేస్తుందనీ, అది చూసి నాయన మురిసిపోతాడనీ అతని లెక్క. లాగితే ఏం చెయ్యాలి, లాగకపోతే ఏం చెయ్యాలి అని పైకి అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

కొండయ్య దగ్గర ఇప్పుడు బండ లేదు. గిత్తలను అమ్మేసిన ఏడాదే దాన్నీ ఇచ్చేశాడు. అందుకని గిద్దలూరు దగ్గర పోలేరమ్మ తిరునాళ్ళ కమిటీకి ఫోన్ చేసి, ఒక చిన్న బండ అరువిమ్మన్నాడు. తెల్లవారితే అక్కడ పోటీలు. కమిటీవాళ్ళు ఎందుకని అడిగారు. ముసలాయన దాచుకోకుండా చెప్పాడు. అవతల ఫోన్ పట్టుకున్నవాడు ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. తర్వాత అతని గొంతులో భక్తి లాంటిదేదో వినిపించింది.

“పెద్దాయనా, బండ మీ ఊరికి ఎందుకు? బండినే ఇక్కడికి తోలకరాండి. బరి ఉంది, జనం ఉండారు, మైకు ఉంది.”

మధ్యాహ్నానికి మైకు ఆటో ఊళ్ళ మీద తిరగడం మొదలుపెట్టింది. ఒంగోలు జాతి గిత్తల పోటీలతో పాటు, చరిత్రలో మొట్టమొదటిసారిగా, అమెరికా జాతి కారు బండ లాగునట! సాయంత్రానికి పవన్ ఫోన్ నిండా శుభాకాంక్షలే. అతను కారుకు రెండోసారి మైనం రుద్దుతున్నాడు. పద్మజ మాత్రం ఇంత జనం ముందు తేలబోయేది ఏమిటో ఒకసారి తేల్చుకుందామని మామగారి దగ్గరికి పోయింది.

“మామా, కారు బండ లాగిందనుకో. అప్పుడేం చేస్తాం?”

“లాగే ఎద్దుకి ఎవడన్నా ఉలవలు తగ్గిస్తాడా అమ్మా? ఇంకా పెట్టాల. వచ్చే ఏడు ఇంకా పెద్ద బండ కట్టాల.”

“లాగలేదనుకో?”

“మేపు చాల్లేదని అర్థం. అప్పుడు రెండింతలు పెట్టాల.”

“మరి వద్దు అని ఎప్పుడంటావు మామా?”

“పశువుకి మేపు వద్దనే రైతు ఈ చుట్టుపక్కల యాడన్నా ఉన్నాడా?” అన్నాడు కొండయ్య, కోడలి అజ్ఞానానికి జాలిపడుతూ.

పద్మజ లెక్క తలకిందులైంది. అడిగి అడిగి మధ్యవర్తిగా పెట్టుకున్న మనిషి, లాగినా సూపర్‌ఛార్జరే అంటున్నాడు, లాగకపోయినా సూపర్‌ఛార్జరే అంటున్నాడు! తండ్రీకొడుకుల్లో కొడుకే వెర్రివాడని ఇన్నాళ్ళూ అనుకుంది. విత్తనం ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది. ఇక తోట బతకాలంటే దారి ఒక్కటే. పోటీయే జరగకూడదు.

అందుకని ఆమె ఎన్నడూ చెయ్యని పని చేసింది. రమణికి ఫోన్ చేసింది. రమణి ఆమె పెదనాన్న కూతురు. చిన్నప్పుడు ఒకే జడగంటల కోసం కొట్టుకున్నవాళ్ళు, ఇప్పటికీ నవ్వుతూనే ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళు. రమణి మొగుడు నరేష్‌కు హనుమంతునిపాడులో పేరుమోసిన గిత్తల జత ఉంది. రేపటి పోటీలో అదీ దిగుతోంది.

“అక్కా, ఎడ్ల బరిలో ఇనప బండి ఏందని బావ ఒక్క మాట అంటే కమిటీవాళ్ళు ఆపేస్తారు. ఈ ఒక్క సాయం చెయ్యి,” అంది పద్మజ, పంటి బిగువున.

“నా చెల్లెలు నోరు తెరిచి అడిగితే కాదంటానా?” అంది రమణి. ఆ గొంతులో తేనె మరీ ఎక్కువైంది.

నరేష్ మాట నిలబెట్టుకున్నాడు. వెంటనే కమిటీ మీద విరుచుకుపడ్డాడు. కమిటీవాళ్ళు భయపడ్డారా? పండగ చేసుకున్నారు. అభ్యంతరం ఉంటే అదే బండకు నీ జతనూ కట్టు, ఎవరు గొప్పో అమ్మవారి ముందే తేలుతుంది అన్నారు. గంటలోపు మైకు ఆటో పాట మార్చింది. ఇప్పుడది ఉత్తి ప్రదర్శన కాదు, హనుమంతునిపాడు గిత్తలకూ అమెరికా కారుకూ పందెం. గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా పనీపాటా లేని ప్రతి మగవాడూ బండ్లకు పెట్రోలు పోయించుకున్నాడు.

ఆదివారం బరి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. పసుపు కారు లోపలికి రాగానే ఈలలు మిన్నంటాయి. పవన్ అద్దం దించి అందరికీ దణ్ణాలు పెట్టాడు. అద్దంలో జుట్టు దిద్దుకున్నాడు కూడా. ఇంతలో కమిటీలో గొడవ మొదలైంది. బండలాగుడులో ఎడ్లను పళ్ళు చూసి విభాగాలు చేస్తారు. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, పళ్ళన్నీ వచ్చిన సీనియర్లు. ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండ. మరి ఈ కారుకు ఎన్ని పళ్ళు?

“పళ్ళేంది, కారు గదా!” అన్నాడు పవన్.

“రూలు రూలే,” అన్నాడు కమిటీ పెద్ద. ఒకతను నిజంగానే వంగి ముందు జాలీలోకి టార్చి కొట్టి చూశాడు. చివరికి కారు వయసు అడిగారు. ఆరేళ్ళని చెప్పాడు పవన్.

“ఆరేళ్ళ ఎద్దంటే పళ్ళన్నీ వచ్చేసినట్టే,” అని తీర్పు చెప్పారు. “సీనియర్ విభాగం. పెద్ద బండ తీసుకరాండి.”

ఆ పెద్ద బండను చూడగానే పవన్ ముఖంలో రంగు మారింది. జనం చూస్తున్నారు కాబట్టి నవ్వు మాత్రం అలాగే ఉంచుకున్నాడు. బండకు కారును కట్టే పని బెన్నీకి దొరికింది. బెన్నీ పవన్ వాళ్ళ ఊళ్ళోనే ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఆ కారు ఊళ్ళోకి వచ్చినప్పటి నుంచీ దాని మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలని అతనికి తహతహ. లావుపాటి గొలుసు తెచ్చి, వెనక బంపర్ చుట్టూ తిప్పి, ట్రాక్టరుకు బిగించినట్టే బిగించాడు.

“ఊడదన్నా, నాది పూచీ!” అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని.

కొబ్బరికాయ కొట్టారు. ఈల ఊదారు. బరిలో ఎప్పుడూ ఎడ్లను అదిలించే మనుషులు, ఎదుట ఉన్నది ఏమిటన్న ఆలోచన లేకుండా, అలవాటు కొద్దీ కారుకు రెండు పక్కలా చేరి “హేయ్, హేయ్!” అని కేకలేస్తూ చర్నాకోలలతో దాని పిర్రల మీద ఛెళ్ళు ఛెళ్ళుమని వాయించారు. రెండుసార్లు రుద్దిన మైనం, మీది రంగు, రెండూ లేచిపోయాయి. “కొట్టబాకండిరా!” అని పవన్ లోపల్నించి గావుకేక పెట్టాడు. ఆ కేక కూడా అదిలింపేనని జనం చప్పట్లు కొట్టారు.

పవన్ పెడల్ తొక్కాడు. నిజం చెప్పాలంటే, ఇంజను మాత్రం దద్దరిల్లిపోయింది. గుడి మీది పావురాలన్నీ లేచిపోయాయి. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. తిరిగాయంటే తిరిగాయి, అంతే. బండ కదల్లేదు, కారు కదల్లేదు. బరిలో పోసిన ఎర్రమన్ను మాత్రం లేచి, తెల్లచొక్కాలతో కూర్చున్న కమిటీ మొత్తాన్నీ కప్పేసింది. టైర్లు కాలి నల్లటి పొగ లేచింది.

“అంటుకున్నది, అంటుకున్నది!” అని ఎవడో అరిచాడు. దుమ్ము లేవకుండా బరిలో చల్లడానికి తెచ్చిన నీళ్ళ ట్యాంకరు పక్కనే ఉంది. పరోపకారులకు మన దగ్గర కొదవా? పైపు లాగి కారు చుట్టూ కుమ్మరించారు. ఎర్రమన్ను కాస్తా బురదైంది. కంగారులో పవన్ ఇంకా గట్టిగా తొక్కాడు. తొక్కినకొద్దీ చక్రాలు లోపలికి తవ్వుకుని, నాలుగు వందల గుర్రాలూ కడుపు దాకా బురదలో కూర్చున్నాయి. చివరి ఊపుకు ఫట్‌మని శబ్దం వచ్చింది. గొలుసుతో పాటు వెనక బంపరూ, నంబరు ప్లేటూ ఊడి బండ మీద పడ్డాయి. బెన్నీ అప్పటికే జనంలో కలిసిపోయాడు.

“అమెరికా కారు, సున్నా అడుగులు!” అని మైకులో చెప్పారు.

ఆ తర్వాత నరేష్ గిత్తలు అదే బండను ఈ చివరి నుంచి ఆ చివరికి లాక్కుపోయాయి. అంతటితో పోతే బాగుండేది. బరి ఖాళీ చెయ్యాలి, కారు కదలడం లేదు, ట్రాక్టరు రావాలంటే జనంలోంచి దారి లేదు. నరేష్ మహా ఉదారంగా తన జతనే కారుకు కట్టించాడు. గిత్తలు ఒక్క ఊపుతో దాన్ని బురదలోంచి పెకలించాయి. ఈల ఊదేదాకా ఆగకూడదని వాటికి నేర్పారు. ఈల ఊదేవాడు నవ్వలేక చస్తూ ఊదడం మరిచిపోయాడు. అవి కారునూ, కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న పవన్‌నూ బరి పొడుగునా ఊరేగించాయి. మైకువాడు అడుగులు లెక్కపెట్టి మరీ చదివాడు.

పవన్ దిగి వచ్చి పద్మజ పక్కన కూలబడ్డాడు. తల నుంచి కాలి దాకా ఎర్రటి బురద.

“వద్దు పద్దూ. ఆ యంత్రమూ వద్దు, ఆ బండీ వద్దు. ఎవడికో ఒకడికి అమ్మేస్తా. రేపే బోరు లారీకి చెప్పు.”

కొండయ్య కూడా తల అడ్డంగా ఊపాడు. “జానెడు కదిపి ఆగినా మేపు చాల్లేదని ఇంకా పెట్టమందును. దాని పుట్టుకలోనే లేదు. అమ్మేయ్‌రా.”

పద్మజకు నమ్మబుద్ధి కాలేదు. ఏ పోటీని ఆపాలని తంటాలు పడిందో ఆ పోటీయే ఆమె తోటను కాపాడింది. కళ్ళ ముందు పచ్చటి బత్తాయి చెట్లు కనిపించాయి. పోలేరమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది. మొగుడి ముఖం మీది బురద కొంగుతో తుడవబోయింది. అప్పుడు వచ్చింది రమణి, చేతిలో కూల్ డ్రింక్ సీసాతో, వెనక పదిమంది ఆడవాళ్ళతో.

“బాధపడబాక చెల్లీ,” అంది రమణి, అందరికీ వినపడేలా. “ఈసారి మార్కాపురం పోవాల్సి వస్తే ఫోన్ చెయ్యి. మా ఎడ్లను పంపిస్తా, మీ కారును లాక్కపోతాయి. మీ ఆయన పాపం, మనిషి మంచోడే. డాబు తప్ప దమ్ము లేదు, అంతే గదా.”

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఈ మాటలేవీ పద్మజకు కొత్త కాదు. అంతకంటే ఘాటైనవి ఆమే పొద్దున లేచిన దగ్గర్నించి అంటూ ఉంటుంది. కానీ పవన్‌ను తిట్టే హక్కు ఆ వంశంలో ఒక్కరికే ఉంది, దాన్ని ఆమె ఎవరికీ కౌలుకివ్వలేదు. ఒళ్ళు భగ్గుమంది. బత్తాయి చెట్లు కళ్ళ ముందు నుంచి మాయమయ్యాయి.

“అక్కా,” అంది లేచి నిలబడి, “దానికింకా సూపర్‌ఛార్జరే పెట్టలేదు.”

“ఏం పెట్టలేదు?”

“సూపర్‌ఛార్జర్! అది లేకుండా ఊరికే ఒకసారి చూద్దామని తెచ్చినాం. వచ్చే తిరునాళ్ళకి పెట్టించి తీసుకొస్తాం. బావకి చెప్పు, అప్పటిదాకా ఎడ్లకి ఉలవలు బాగా పెట్టుకోమని!”

మైకువాడు పక్కనే ఉన్నాడు. వాడు చేసిన పాపమల్లా మైకును ఆమె నోటి దగ్గర పెట్టడం. ఆ సవాలు బరి నాలుగు మూలలా మోగింది. జనం ఈలలు వేశారు. కొండయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “మెడ గట్టి పిల్లని అప్పుడే చెప్పినా,” అన్నాడు పక్కవాడితో.

పవన్ ఆమె కొంగు పట్టుకుని గుంజాడు. “వద్దే పద్దూ, నా మాట ఇను. బలం పెంచినా చక్రాలే తిరుగుతాయి గాని బండ కదల్దు. టైరుకు నేల మీద పట్టు లేదే!” పెళ్ళయ్యాక అతను మాట్లాడిన మొదటి తెలివైన మాట అది.

“నువ్వు నోరు ముయ్యి,” అంది పద్మజ.

సోమవారం పొద్దునే ఆమె బెంగుళూరు షెడ్డుకు స్వయంగా ఫోన్ చేసింది. అన్నీ వివరంగా కనుక్కుంది. ఎంత గాలి తోస్తుంది, ఎన్ని గుర్రాలు పెరుగుతాయి, ఎన్నాళ్ళలో బిగిస్తారు. పవన్ గుమ్మం పక్కన నిలబడి చేతులు జోడించి వేడుకుంటూనే ఉన్నాడు. ఆమె అటు చూడనైనా చూడలేదు.

“అన్నా, ఒక్కటి చాలదు, రెండు పెట్టండి,” అంది ఫోన్‌లో. “ఎడ్లయినా జతగా లాగుతాయి గాని, ఒంటెద్దుతో బండ కదులుతదా?”

ఆ ఏడాది బత్తాయి కాపు గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.